మెత్తని ముల్లు, బరువైన చేయి

బజారులో అతన్ని ముల్లు మేస్త్రి అంటారు. పాత రికార్డు ప్లేయర్లు బాగుచేయడం పని. కుర్చీ వేస్తే తలుపు తెరుచుకోని దుకాణం. గోడ నిండా టోన్ ఆర్ములు, అంటే ముల్లును మోసే చేతులు, వేలాడుతుంటాయి. ముల్లు బిగించిన కార్ట్రిడ్జులు ఖాళీ మాత్రల డబ్బాల్లో ఉంటాయి. బాగుచేయడం ఎవరైనా చేస్తారు, ఏ చేతికి ఏ ముల్లు కుదురుతుందో చూడటమే అసలు విద్య అంటాడు మేస్త్రి.

"పెళ్ళి సంబంధాలు చూసినంత చూస్తారు," అంటుంది భార్య. "మనది కుదిర్చిన పెద్దమనిషి ఇందులో సగం చూసుంటే నా బతుకు బాగుపడేది."

ఆ పోలిక మరీ తప్పు కాదు. ముల్లు మెత్తగా కదిలేదైతే దాన్ని మోసే చేయి తేలికగా ఉండాలి. బరువైన చేతికి మెత్తని ముల్లు తగిలిస్తే, భారీ మనిషి స్పంజి చెప్పులేసుకుని గతుకుల్లో నడిచినట్టు, రికార్డులో ఏ కాస్త ఎగుడుదిగుడు వచ్చినా ఊగిపోతుంది. ఆ ఊపు పాటలోకి దిగుతుంది. గొంతు వణుకుతుంది.

మేనకోడలి ఇంట్లో ఉన్నది సరిగ్గా అలాంటి జోడీ. వాళ్ళ నాన్న, అంటే మేస్త్రికి బావ, ఎవరి మాటా వినకుండా కొన్న యంత్రం. ఆ పిల్ల కడుపులో ఉండగా ఆయన ఒక స్టూడియోకి వెళ్ళి, పుట్టబోయే బిడ్డ కోసం తనే కట్టిన జోలపాట పాడి రికార్డు చేయించాడు. ఒకే ఒక ప్రతి. పిల్ల బోర్లా పడకముందే ఆయన పోయాడు. తర్వాత ఎప్పుడో కిటికీ పక్కన ఎండ తగిలి రికార్డు వంకర తిరిగింది. అక్క ఉన్నన్నాళ్ళూ దాన్ని గడప దాటనివ్వలేదు. ఇప్పుడు అక్కా లేదు. ఊగే ముల్లు గీసీ గీసీ పాటలో రెండు చరణాలు కరకరలాడటం మొదలయ్యాక, మేనకోడలు అన్నిటినీ దుప్పట్లో చుట్టుకుని దుకాణానికి తెచ్చింది.

"మామయ్యా, నాన్న అరిగిపోతున్నాడు. ఒక్కసారి బాగా పలికించు. ఫోన్‌లోకి ఎక్కించుకుంటాను."

మేస్త్రి ఆ పని మీద పెట్టినంత శ్రద్ధ దేనిమీదా పెట్టలేదు. రికార్డును రెండు గాజు పలకల మధ్య ఉంచి, సన్నటి వేడి తగిలేలా పెట్టి, పైన బరువు మోపి, వంపు పోయేదాకా ఆగాడు. బరువు చేయి ఊడదీసి ఆ ముల్లుకు తగ్గ తేలిక చేయి బిగించాడు. వేలితో తాకి వదిలితే అది ఒక్క ఊపు ఊగి నిలిచింది. పరీక్షకు దుకాణంలోని పాత రికార్డు వాడాడు. బావ రికార్డు మీద మాత్రం ముల్లు ఆనించలేదు. మొదట ఆ పిల్లే వినాలి.

ఆమె సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా వచ్చింది. ఫోన్ సిద్ధం చేసుకుని తలూపింది. మేస్త్రి ముల్లు దించాడు.

బావ వచ్చాడు. పల్లవి ఎత్తుకునే ముందు ముక్కుతో గాలి పీల్చడంతో సహా వచ్చాడు. గొంతు నిటారుగా నిలబడింది. కరకర కూడా చాలామటుకు అణిగింది. మేస్త్రి మేనకోడలి వైపు చూశాడు. ఆమె యంత్రం వైపు చూస్తోంది.

"ఎవరిది మామయ్యా ఇది?"

"ఎవరిదేమిటే. మీ నాన్నదే."

"నాన్న గొంతు ఇలా ఉండదు."

"ఇలాగే ఉంటుంది తల్లీ. ఆ వణుకు యంత్రానిది. మా పెళ్ళిలో మైకు పాడైతే ఉత్త గొంతుతోనే పాడాడు. వంటవాళ్ళు కూడా గరిటెలు ఆపి విన్నారు."

"నువ్వు విన్నావు. నేను వినలేదుగా." ఆమె ఫోన్ ఆపేసింది. "ఏడుపు ఆపుకుంటూ పాడాడనుకున్నాను. నేను పెరగడం చూడకుండానే పోతానని తెలిసినట్టు. చిన్నప్పట్నుంచీ అలాగే అనుకున్నాను."

బావ ఆ పాట పాడేనాటికి పిడిరాయిలా ఉన్నాడనీ, స్టూడియో నుంచి వచ్చి రెండు పళ్ళాల భోజనం చేశాడనీ మేస్త్రి చెప్పవచ్చు. చెప్పలేదు.

"పాత చేయే పెట్టెయ్ మామయ్యా."

తేలిక చేయి ఊడదీశాడు. బరువు చేయి బిగించాడు. తను ఇన్నేళ్ళుగా కస్టమర్లను తిట్టిపోసే తప్పును చేతులారా చేసి, ముల్లు దించాడు. గొంతు కాస్త మందగించింది. వణకలేదు.

"మారలేదేం?"

"వంపు లేదుగా. ఊగడానికి ఏదో ఒకటి ఉండాలి. తీసేశాను."

"మళ్ళీ వంచు."

"వేడి చూపిస్తే వంగుతుంది. ఎటు వంగుతుందో మాత్రం నా చేతిలో లేదు. పూర్తిగా పాడైనా పాడవుతుంది."

ఆమె గాలిలో చేత్తో ఒక అల గీసి, సగంలో ఆపింది. "ముందెలా ఉండేది? ఏ పక్క లేచి, ఏ పక్క దిగేది? నువ్వు చూశావుగా."

మేస్త్రి రికార్డును అంచులతో పట్టుకుని దీపం కిందకి తెచ్చాడు. మెల్లగా తిప్పాడు. నీళ్ళ పళ్ళెంలా సమంగా ఉంది. వంపు కనపడితే ఎలా తీయాలన్నదే ఆలోచించాడు. అది ఎలా ఉందో చూడలేదు.

"గుర్తులేదు తల్లీ," అన్నాడు.