విటమిన్ గంజి

మా చిన్నప్పుడు మహారాష్ట్రలోని భివండిలో మగ్గాల చప్పుడు ఆగిందంటే నాకు భయం వేసేది... పొద్దున లేచేసరికి ఖట్‌ఖట్ వినబడలేదంటే, ఆ రోజు మా నాన్నకు, అదే మా బాపుకు, పని లేనట్టే.

ఒకసారి గిరాకీ పడిపోయి శాంతి నగర్‌లో మా గల్లీ కార్ఖానాలన్నీ మూతపడ్డాయి. డబ్బాలో బియ్యం అడుగంటాయి. అమ్మ గుప్పెడు బియ్యంలో గిన్నెడు నీళ్ళు పోసి కాచేది. అన్నం కాదు... గంజి. చెల్లె సుజాత దాన్ని పక్కకు నెట్టేసి, "నాకొద్దు... అన్నం గావాలె" అని ఒకటే ఏడుపు. ముందురోజు నుంచి ఏమీ ముట్టలేదు. అమ్మ ముఖం చూస్తే నాకే ఏడుపొచ్చేది.

అప్పుడు లేచాడు మా బాపు. నూలు చుట్టే ఖాళీ అట్ట కోను ఒకటి మైకులా పట్టుకుని, టీవీ వార్తల మనిషిలా గొంతు సవరించుకున్నాడు.

"ఇగో, ఇప్పుడే అందిన వార్త! పెద్ద పెద్ద సైంటిస్టులు కొత్త విటమిన్ కనిపెట్టిండ్రు. పేరు విటమిన్ గంజి! గంజి పట్టియ్యని దారం మగ్గం మీద ఏమైతది? పుటుక్కున తెగుతది. మనిషి గూడ గంతేనట!"

నేతగాళ్ళ పిల్లలం కదా... గంజి పట్టిస్తేనే దారం గట్టిపడుతుందని మాకు ఒకరు చెప్పాలా! చెల్లె కళ్ళు తుడుచుకుని గటగటా తాగేసింది. ఆపైన చేయి వంచి కండ కూడా చూపించింది.

అక్కడితో ఆగితే బాగుండేది. మా సుజాత కడుపులో మాట దాగదు కదా... మా ఇళ్ళ వరస, చాళీ అంతా చాటింది. మర్నాడు పక్కింటి రాజవ్వత్త పిల్లలు గ్లాసులు పట్టుకుని మా గడపలో ప్రత్యక్షం.

"మామా, మాకు గూడ విటమిన్ పొయ్యుండ్రి!"

బాపు అమ్మ వైపు చూశాడు. ఉన్నది మాకే చాలదు. అమ్మ మాత్రం ఇంకో చెంబెడు నీళ్ళు కలిపి అందరికీ పోసింది.

ఆ సాయంత్రం రాజవ్వత్త వచ్చింది... కొంగు చాటున అన్నం గిన్నెతో. ఆమె భర్తది గోదాములో పని కాబట్టి వాళ్ళకు ఇబ్బంది లేదు. బాపు తలెత్తలేదు. ఒకరి ముందు చేయి చాచడం ఆయనకు చావుతో సమానం. అది చూసి ఆమె గిన్నె కింద పెట్టి అంది:

"అన్నా, గా సైంటిస్టులు ఇంకో మాట గూడ చెప్పిండ్రట... నువ్వు వార్తలల్ల మర్సిపోయినట్టున్నవ్. గంజి విటమిన్ ఒంటికి పట్టాల్నంటే, దాని మీద ఇంత అన్నం పడాల్నట!"

బాపు నవ్వబోయాడు... కళ్ళలో నీళ్ళొచ్చాయి. సుజాత అప్పటికే గిన్నె ముందు కూర్చుంది.

మగ్గాలు మళ్ళీ తిరిగేదాకా ఆ గిన్నె రోజూ వచ్చింది. 'సాయం' అన్న మాట ఒక్కనాడూ ఆమె నోట వినలేదు.

ఇప్పుడు మా బిల్డింగులో గోడకు గోడ ఆనుకునే ఇళ్ళు... పక్కింట్లో వాళ్ళు తిన్నారో లేదో తెలియదు. తెలిసినా, వాళ్ళ తల దించకుండా గిన్నె ఎలా అందించాలో నాకు చేతకాదు.

మీ పక్కింట్లోనూ అలాంటి అత్త ఒకరు ఉండేవారా? ఆవిడ గురించి ఇక్కడ రెండు మాటలు రాయండి... చదివి నేర్చుకుంటాను.