అత్త ఆదివారాలు

మా పక్కింటి అత్త చనిపోయింది. శనివారం తెల్లవారుజామున. నోటితో చెప్పాలంటే నాకు మాట రాదు, అందుకే టైపు చేసి పంపుతున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

అత్త అంటే చుట్టం కాదు. అత్తిబెలె ఊళ్ళో మా వఠారంలో మాకూ ఆమెకూ మధ్య ఒకటే గోడ. మామ ఎప్పుడో వదిలేసి పోయాడు. కూతుర్ని చదివించడానికి అత్త బట్టల ఫ్యాక్టరీలో చేరింది. కుట్టిన చొక్కాలకు మిగిలిన దారాలు కత్తిరించడం ఆమె పని. రోజంతా నిలబడే.

ఇంటికొచ్చినా ఆ పని ఆమెను వదిలేది కాదు. నేను ఎదురైతే చాలు, కాలర్ పట్టుకునేది.

"నిలబడప్పా, దారం వేలాడతా ఉండాది." పళ్ళతో పుటుక్కున కొరికేది.

"కత్తెర లేదా అత్తా?"

"కత్తెర కంపెనీది. పళ్ళు నావి."

వఠారమంతా నవ్వేది. నేను సిగ్గుతో లోపలికి పారిపోయేవాణ్ణి.

బడి మానేసినప్పుడు నన్ను అందరూ తిట్టారు. అత్త తిట్టలేదు. ఫోన్‌లో తెలుగు టైపు చేయడం కూతురితో నేర్పించింది. ఈ నాలుగు మాటలు ఆ పుణ్యమే.

ఆమె అన్ని పనులూ ఆదివారానికే పెట్టేది. తలస్నానం, కారే పైకప్పు, పన్ను నొప్పి, ఏదైనా సరే. "ఆదివారం చూద్దాంలే" అనేది. ఆదివారం వస్తే చర్చిలో వెనక గోడకు ఆనుకుని నిద్రపోయేది. ఒకసారి పాస్టరుగారు అడిగేశారు.

"వారమంతా నిలబడే ఉంటాను అయ్యగారూ. దేవుడు ఈడ కూర్చోబెట్టినాడు, కన్ను మూతపడింది" అంది.

పోయిన వారం జ్వరం. గోడ పట్టుకుని నడుస్తోంది. మా అమ్మ గుమ్మంలోనే ఆపింది.

"ఈ పొద్దు పనికి పోవద్దు వదినా. ఆస్పత్రికి పోదాం పద."

"ఒక్క రోజు మానితే నెల బోనస్ మొత్తం పోతాది. పాప బడి వ్యాను దాంతోనే కదా. ఆదివారం పోదాంలే."

"ఆదివారం పెద్ద డాక్టరు ఉండడు."

"చిన్న డాక్టరు చాలు. నాదేమన్నా పెద్ద రోగమా?"

మాత్ర మింగి ఫ్యాక్టరీ బస్సెక్కింది. శుక్రవారం దాకా అట్లే ఎక్కింది.

శనివారం సాయంత్రమే సమాధి చేద్దామన్నారు పెద్దవాళ్ళు. అత్త కూతురు తలెత్తింది.

"రేపు పెట్టండి. ఈ పొద్దయితే అమ్మతో పనిచేసేవాళ్ళు రాలేరు. వస్తే వాళ్ళ బోనస్ పోతాది."

పెద్దవాళ్ళు ఆదివారానికి మార్చారు.

ఆదివారం వాళ్ళంతా వచ్చారు. మా వఠారం ఇరుకు, నిలబడడానికే చోటు. నిలబడడం వాళ్ళకు అలవాటే. అత్తకు కట్టిన కొత్త చీర అంచున ఒక దారం వేలాడుతోంది. ఒకామె చూసింది. శవపెట్టె మీదికి వంగి, పళ్ళతో పుటుక్కున కొరికింది. ఆ దారం ముక్కను వేలికి చుట్టుకుంటూ, వెనకున్నామెకు చోటిచ్చి పక్కకు జరిగింది.