బస్సులో ఆడే కోడి

మన్రీకె కొండెక్కే మా బస్సులో యెసేనియా ఎప్పుడూ నిలబడే ఉంటుంది. సీటున్నా కూర్చోదు. ఒక చెయ్యి పైకమ్మీ మీద, రెండో చేతి బొటనవేలు ఫోను మీద. మెడెయీన్ నగరంలోని కాలేజీలో మొబైల్ ఆటలు తయారుచేసే చదువు చదువుతోంది. రెండు చేతులూ అడిగే ఆటను బస్సెక్కనివాళ్లు చేసుంటారని ఆమె నమ్మకం. తను తయారుచేస్తున్న ఆటలో ఒక కోడి మెట్లవీధుల్లో జామపళ్లు దొంగిలించి పారిపోతుంది. తను గీసిన రెండు బొమ్మల మధ్య కదలికను యానిమేషన్ సాఫ్ట్‌వేర్ తనంతట తానే నింపేసరికి, కోడి నూనె మీద జారినట్టు నడిచింది. క్లాసంతా బాగుందన్నారు. యెసేనియాకు ఒళ్లు మండింది.

"కోడి ఎక్కడైనా అలా నడుస్తుందా? ఆగుతుంది, మెడ విదిలిస్తుంది, అనుమానంగా చూస్తుంది!" అంటూ సాఫ్ట్‌వేర్ నింపిన బొమ్మల్లో సగం చెరిపేసింది.

"చెరుపుకోడానికా ఫీజు కట్టావు?" అని క్లాసులో పక్కవాడు నవ్వాడు.

నిన్న సాయంత్రం బస్సులో, భుజాన అరటికాయల సంచితో నిలబడ్డ ఒకావిడ అదేపనిగా తొంగిచూస్తుంటే, యెసేనియా ఫోను ఆవిడ చేతిలో పెట్టేసింది. ఆవిడ కమ్మీ వదలకుండానే ఆడింది.

"దొంగమొహం, ఎలా చూస్తోందో! అచ్చం మా ఇంటి కోడే!"

బస్సు ఆగింది, మళ్లీ కదిలింది. డ్రైవరు అద్దంలోంచి అరిచాడు. "ఒఫేలియమ్మా, నీ స్టాపు దాటిపోయింది!"

"అయ్యో, నీ కోడి మండిపోనూ! ఇప్పుడీ ఏటవాలంతా దిగి నడవాలా నేను?" అని ఆవిడ యెసేనియాను తిట్టింది. ఫోను మాత్రం తిరిగివ్వలేదు. "ఉండవే, ఇంకొక్క పండు."

యెసేనియా మొట్టమొదటిసారి కమ్మీ వదిలేసి, గోలు కొట్టిన ఆటగాడిలా రెండు చేతులూ పైకెత్తింది.