ఎండలో వీణ

విశాఖలో వీణ నేర్చుకునేవాళ్లకి సముద్రం పెద్దగా సాయం చెయ్యదు. ఆ గాలికి తీగలు తుప్పు పడతాయి, శ్రుతి చేసే బిరడాలు బిగుసుకుపోతాయి. యూనివర్సిటీలో వీణలో ఎం.ఏ. చేసిన రెండేళ్లూ నేను వాయించిన దానికన్నా తుడిచిందే ఎక్కువేమో.

చివరి కచేరీ పరీక్ష ముందు రాత్రంతా వాన. పొద్దున్న తెరిపిచ్చి ఎండ కాసింది. వీణ గురించి అమ్మకి తెలిసింది ఒక్కటే, తేమకి పాడవుతుందని. నేను స్నానం చేసి వచ్చేలోగా, వడియాలు పెట్టుకునే డాబా మీద చాప పరిచి వీణని పడుకోబెట్టింది. వీణ మెట్లని పట్టి ఉంచే నల్ల మైనం మెత్తబడి, ప్రతిమధ్యమం మెట్టు పక్కకి జారిపోయింది.

"నెమ్ము పట్టేసినాదమ్మా, కాసేపు ఎండలో ఎట్టినాను," అంది, మెచ్చుకుంటానేమోనని చూస్తూ.

నాకు ఒళ్లు మండింది. కానీ పరీక్షకి రమ్మని వారం నుంచీ బతిమాలుతున్నది నేనే. "ఆ సదువుకున్నోళ్ల మద్దిన నానేటి సేత్తానే," అంటూ రెండేళ్లూ మా డిపార్ట్‌మెంటు గడప తొక్కని మనిషి ఆ రోజు కొత్త చీర కట్టుకుంది. నిజం చెబితే ఇంట్లోనే కూర్చుండిపోతుంది.

"మంచి పని చేశావు," అన్నాను.

మెట్టు మళ్లీ కూర్చోబెట్టే మనిషిని వెతికే టైము లేదు. నేను సిద్ధం చేసుకున్నదేమో కల్యాణి రాగం. అందులో ప్రతిమధ్యమం లేకుండా అడుగు పడదు. పరీక్షలో దాని ముందు మెట్టు మీద తీగని పక్కకి లాగి ఆ స్వరం పలికించాను. కొన్నిసార్లు పలికింది, కొన్నిసార్లు పలికినట్టు నటించింది.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు పెద్దాయన. నన్ను ఆపి, లేచొచ్చి, మెట్టుని వేలితో కదిపి చూశారు.

"ఇది ఎండకి కరిగిన మైనం. వీణని ఎండలో పెట్టిన మహానుభావులెవరమ్మా?"

"నేనేనండీ," అన్నాను. నాకు వీణ నేర్పిన మేడం తల దించుకున్నారు.

వెనక తలుపు పక్కన బెంచీ కిర్రుమంది. అమ్మ లేచి నిలబడింది.

"అది కాదు బాబూ, నానే ఎట్టినాను. దానికేటీ తెల్దు. మార్కులు తగ్గించాలంటే నాకు తగ్గించండి."

ఆయన నవ్వలేదు. "కూర్చోండమ్మా," అన్నారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇంకా సగం కచేరీ వాయించాల్సి ఉంది.