తైమా రాతి మీద రాజు పేరు

దగ్గరగా జరగండి. ఆ చాప ఇటు లాక్కుని, చంటిపిల్లల్ని ఒళ్లో వేసుకుని కూర్చోండి. నేను చదివింది మూడో తరగతే గానీ చూసింది చూసినట్టు చెప్పగలను. మా అమ్మాయి గ్రేసు సౌదీలో తబూక్ అనే ఊళ్లో నర్సు. విజిట్ వీసా మీద నన్ను మూడు నెలలు తన దగ్గరికి పిలిపించుకుంది. అక్కడి నుంచి తైమాకు వెళ్లి వచ్చిన ఒక్కరోజు ప్రయాణం మీకు చెబుతాను. మీలో ఎవరైనా అటు వెళితే పనికొస్తుంది.

అమ్మాయి డ్యూటీకి వెళ్లిపోతే ఎదురు వాటాలో ఉండే ఉమ్ కరీమే నాకు తోడు. కరీం తల్లి అని ఆ పేరుకు అర్థం. అక్కడ ఆడవాళ్లను పెద్దకొడుకు పేరుతోనే పిలుస్తారు. ఆమెది ఈజిప్టు. మేము ప్రార్థనల్లో ఐగుప్తు అంటాం చూడండి, ఆ దేశం. ఆమె భాష నాకు రాదు, నాది ఆమెకు రాదు. ఉల్లిపాయలు తరుగుతూ చేతులతో, కళ్లతో మాట్లాడుకునేవాళ్లం. నేను "వదినా" అంటే ఆమె కూడా నన్ను "వదీనా" అనడం మొదలుపెట్టింది. సాయంత్రం గ్రేసు వచ్చి ఇటుది అటు, అటుది ఇటు చెబితే అప్పుడు మొదలయ్యేవి అసలు కబుర్లు.

ఆ కబుర్లన్నీ ఆమె భర్త చెప్పినవే. తబూక్ గోధుమ పొలాల్లో ముప్పై ఏళ్లు నీళ్లు పారించిన మనిషి. ఆరు నెలల కిందట పోయాడు. రోజూ రొట్టె తింటూ భార్యకు తమ పూర్వీకుల సంగతులు చెప్పేవాడట. నైలు నదికి వరద వచ్చి తీస్తే నల్లటి ఒండ్రు మిగిలేదట. దాని మీద విత్తనాలు చల్లి, మేకల్ని తోలి తొక్కించేవారట. ఏటి ఒడ్డు తుంగను చీల్చి, నిలువుగా ఒక వరస, అడ్డంగా ఒక వరస పరిచి, బాది ఆరబెడితే అదే వాళ్లకు కాగితమట. రెల్లుపుల్లను సిరాలో ముంచి దాని మీద రాసేవారట.

"మా వాళ్లు తుంగతో చాపలల్లుకుని పడుకున్నారు వదినా, మీ వాళ్లు రాసుకున్నారు" అన్నాను. వదిన పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆయన చెప్పినవాటిలో ఒకటి మాత్రం ఈజిప్టులో ఉన్నది కాదు. తైమా దగ్గర ఒక కొండరాతి మీద తమ ఈజిప్టు పాతకాలపు రాజు పేరు చెక్కి ఉందని, తాను కళ్లారా చూశానని, నిన్ను కూడా తీసుకెళతానని అనేవాడట. తీసుకెళ్లకుండానే పోయాడు. కొడుకు కరీం "అవన్నీ నాన్న కోతలు" అని కొట్టిపారేసేవాడు. అతని ఉద్యోగం అయిపోయి, ఇక తిరిగి రాకుండా దేశం వదిలి వెళ్లమనే ఫైనల్ ఎగ్జిట్ పడింది. గురువారం తల్లీకొడుకులు విమానం ఎక్కాలి. సోమవారం సాయంత్రం వదిన నా చెయ్యి పట్టుకుని గ్రేసుతో చెప్పించింది.

"ఆ రాయి లేకపోతే నలభై ఏళ్లు నేను విన్నదేదీ లేనట్టే. ఉందో లేదో చూడకుండా ఎలా వెళ్లేది?"

గ్రేసుకు సెలవు లేదు. తనకు తెలిసిన డ్రైవరు మల్లేశాన్ని మాట్లాడింది. జగిత్యాల దిక్కు మనిషి. అరబ్బీ బాగా వచ్చు. పోనూ రానూ నాలుగు వందల రియాళ్లు. ఆడవాళ్లం ఇద్దరం చెరిసగం వేసుకున్నాం.

మంగళవారం ఉదయం ఏడింటికి బయలుదేరాం. డిసెంబరు చలి, శాలువా లేకపోతే కష్టం. వదిన వేడి రొట్టెలు, ఉడికించిన చిక్కుడు గింజలు పట్టుకొచ్చింది. నేను పులిహోర కట్టాను. ఊరు దాటాక గుండ్రటి పచ్చని పొలాలు కొన్ని కనబడి ఆగిపోయాయి. ఆ తర్వాత ఇసుక, రాయి, ఆకాశం. కారు కదులుతోందో, నేలే వెనక్కి జరుగుతోందో తెలియని మగతలో పడ్డాను. దూరాన ఒక వరస నీడలు. అవి ఒంటెలో, రాళ్లో. వాటి పక్కన నార గుడ్డ నడుముకు చుట్టుకుని, ఉల్లిపాయ, రొట్టె కొరుక్కుంటూ నడుస్తున్న మనుషులు కూడా కనబడ్డట్టే అయింది. వదిన కూడా అటే చూస్తోంది. ఆమెకు ఎవరు కనబడ్డారో నేను అడగలేదు.

తొమ్మిదింటికి పెట్రోలు బంకు దగ్గర టీ తాగాం. పదిన్నరకు తైమా చేరాం. రాయి ఎక్కడుందో మల్లేశానికి తెలియదు. టీ కొట్టు ముసలాయన్ని అడిగితే "ఖర్జూరం తోటలు దాటాక కొండ దగ్గర ఏవో గీతలున్న రాళ్లున్నాయి. ఎవరివో ఏమో" అని దారి చూపించాడు.

వెంటనే వెళ్లాల్సింది. అక్కడే నేను తప్పు చేశాను. ఊరి నడుమ పెద్ద బావి ఉంది, చూసిపోదాం అన్నాను. అబ్బో, అది బావా! మా ఊరి పంచాయతీ ఆఫీసు మొత్తం అందులో దిగుతుంది. చుట్టూ కొయ్య గిలకలు. ఒకప్పుడు ఒంటెలు తాళ్లు లాగుతూ నీళ్లు తోడేవట. వదిన చేతులు చాచి, ఒక వాసం పైకీ కిందికీ ఊగుతున్నట్టు చూపించింది. ఒక కొసన మట్టి ముద్ద బరువు, మరో కొసన బాన. నైలు గట్టున వేల ఏళ్లుగా అలాగే తోడారట.

"ఏతం! మా తాతయ్య ఏతం!" అని అరిచాను. మా తాతయ్య దాని మీద నడుస్తూ పాడిన పాట కూడా పాడాను. వదిన తన ఊరి పాట అందుకుంది. ఇద్దరు ముసలమ్మలం బావి గట్టున ఊగుతూ గంటకు పైగా గడిపేశాం.

"పెద్దమ్మా, ఇగ పోదామా? ఆరింటికల్ల బండి అప్పజెప్పాలె" అని మల్లేశం అంటే గానీ లేవలేదు.

రాయి దగ్గరికి చేరేసరికి పన్నెండున్నర. తీగల కంచె, దాని మీద బోర్డు. ప్రాచీన రాతలు అని తప్ప ఎవరివో రాయలేదని మల్లేశం చదివి చెప్పాడు. ఎండ అప్పుడే కొండ వెనక్కి తిరిగింది. రాయి ముఖమంతా నీడలో, కడిగిన పలకలా నున్నగా ఉంది. అటూ ఇటూ తిరిగి చూశాం. ఏమీ లేదు.

 వదిన నేల మీద కూలబడి ఇసుకలో వేలితో గీసింది. నిలువుగా పొడవాటి గుడిసున్నా, దాని కింద అడ్డగీత, లోపల పైన ఒక చిన్న గుండ్రం. రాజుల పేర్లు అలాంటి సున్నాలోనే రాసేవారని ఆయన ఎప్పుడూ పిండిపళ్లెంలో ఇలాగే గీసి చూపించేవాడట. ఆ గుండ్రం సూర్యుడట.

"మంచి మనిషి. నన్ను సంతోషపెట్టడానికి చెప్పి ఉంటాడు" అందట. మల్లేశం ఆ మాట నాకు చెప్పి ముఖం తిప్పుకున్నాడు.

 రాయి తడిస్తే గీత తేలుతుందని నీళ్ల సీసా తీసి కంచె మీదుగా చెయ్యి చాచాను.

"ఆగు ఆగు పెద్దమ్మా! నీళ్లు పోస్తే జుర్మానా ఏస్తరు. బోర్డు మీద రాసిన్రు!"

"మరేం చేసేదిరా బాబూ? మళ్లీ ఎండ రావాలంటే రేపు పొద్దుటి దాకా ఆగాలి కదా!"

అప్పుడు తట్టింది. మా ఇంట్లో తిరగలి అరిగితే గంట్లు పెట్టేవాడు వచ్చి ఉలితో కొట్టేవాడు. పని బాగా చేశాడో లేదో చూడడానికి మా అత్త దీపాన్ని రాతి పైన పట్టేది కాదు. పక్కన, రాతిని ఆనుకుని పట్టేది. పైనుంచి పడే వెలుగులో ఏ రాయైనా నున్నగానే ఉంటుంది. పక్కనుంచి వస్తేనే ప్రతి గంటూ నీడ పడి కనబడుతుంది.

పులిహోర గిన్నె మీద మూసిన స్టీలు పళ్లెం తీసి కొంగుతో తుడిచాను. కంచె చివర ఎండ పడే చోటుకు వెళ్లి, వెలుగును రాతి అంచు వెంబడి పారేలా వంచాను. మొదటిసారి అది మల్లేశం కళ్లలో పడింది.

"నన్నెందుకు గుడ్డోన్ని జేస్తవ్ పెద్దమ్మా!"

రెండోసారి రాయి మీద జారింది. నిద్రలోంచి ఎవరో కళ్లు తెరిచినట్టు, ఆ నున్నటి బండ మీద ఒక నిలువు గుడిసున్నా లేచింది. కింద అడ్డగీత. లోపల ఏవో బొమ్మలు. అన్నిటికీ పైన చిన్న గుండ్రం.

"ఉన్నదమ్మా! ఉన్నది!" మల్లేశం అరబ్బీ మరిచిపోయి తెలుగులోనే వదినతో అంటున్నాడు.

వదిన కంచె పట్టుకుని నిలబడింది. పళ్లెం కాస్త కదిలితే ఆ రాత మాయమయ్యేది, కుదురుకుంటే మళ్లీ వచ్చేది. ఎంతసేపు పట్టుకున్నానో తెలియదు. చాలు అని ఆమే అనేదాకా పట్టుకున్నాను. మీరు వెళితే పొద్దున్నే, ఎండ ఏటవాలుగా పడే పూటే వెళ్లండి. మాలాగ తిప్పలు పడకండి.

రెండింటికి అక్కడే తిని వెనక్కి బయలుదేరాం.  సగం దారిలో వదిన ఒక్కసారిగా నవ్వింది.

"అయితే తుంగ కాగితం నిజం, మేకలు తొక్కడం నిజం. వాళ్లమ్మకు నేనంటే ప్రాణమన్నాడు చూడు, అదొక్కటే అబద్ధం!"

మల్లేశం నవ్వుకు కారు కూడా కాస్త ఊగింది. ఐదున్నరకు ఇంటి ముందు దిగాం. గుమ్మంలో కరీం నిలబడి "ఏం చూశావమ్మా?" అన్నాడు. ఆమె చెప్పులు విప్పుకుంటూ జవాబిచ్చింది.

"మీ నాన్న చూసిందే చూశాను. ఇక నుంచి మన ఇంట్లో ఆయన మాటను కోత అంటే నీకు కూర వెయ్యను."

అతను తల వంచుకుని తల్లి చేతిలోని సంచి అందుకున్నాడు.

వాళ్లు గురువారం వెళ్లిపోయారు. నేను మాత్రం ఆ రాయిని ఇంకా తలుచుకుంటాను. దాని మీద ఉన్నది రాజు పేరు. ఎండలో కూర్చుని, దాహానికి నాలుక పిడచకట్టుకుపోతూ చెక్కినవాడి పేరు లేదు. వాడికి రొట్టె కాల్చి మూట కట్టిచ్చిన ఇల్లాలి పేరూ లేదు. వాడు ఇంటికి చేరి "అంత దూరం వెళ్లి రాజు పేరు రాసొచ్చానే" అంటే ఆమె నమ్మిందో, వెక్కిరించిందో. నమ్మే ఉంటుందని అనుకుంటూ నిద్రపోతాను.

ఇంతసేపూ కూర్చుని విన్నారు. మీ గాదె నిండుగా ఉండాలి, మీ బావిలో ఊట తగ్గకూడదు. మీ ఇంట కబుర్లు చెప్పేవాళ్లూ, ఆ కబురు కోసం ఎంత దూరమైనా వెళ్లేవాళ్లూ పక్కపక్కనే కలకాలం ఉండాలి.