తోకచుక్కను చూడటానికి ఏం కప్పుకోవాలి

ఆ రోజుల్లో చలికాలం వస్తే ఏం కప్పుకోవాలన్న సందేహం మాకు ఉండేది కాదు. ఇంటికొక గొంగడి ఉండేది, ముందు దూరినవాడిదే రాజ్యం. అలాంటిది, ఆకాశంలో చుక్కను చూడటానికి ఏం వేసుకోవాలని నేనూ మా చిన్నమామా ఒక సాయంత్రమంతా కొట్లాడుకున్నామంటే, అది నేను సూర్యాపేటలో నాలుగక్షరాలు చదువుకున్న పుణ్యమే.

మా ఊరు మిర్యాలగూడ నుంచి వేములపల్లి పోయే దారిలో. తెల్లవారుజామున తూర్పున తోకచుక్క పొడుస్తోందనీ, ఎక్కువ రోజులు ఉండదనీ పేటలో మా సారు చెప్పాడు. (తోకచుక్క పొడిస్తే రాజ్యం పోతుందంటారు. మా నిజాం రాజ్యం అప్పటికే పోయింది, చుక్కే ఆలస్యంగా వచ్చింది.) గొర్లు కాసే మామకు చుక్కలంటే పిచ్చి. తోకచుక్కను మాత్రం ఎన్నడూ చూడలేదు. పైగా ఉబ్బసం మనిషి, చలిగాలి తగిలితే రొమ్ములో పిల్లికూతలు.

"గొంగడి నెత్తిమీదికెల్లి కొప్పెర పెట్టుకొని పోండ్రి, ఇద్దరికి సరిపోతది" అన్నది అమ్మమ్మ. నాకు నామోషీ. గొర్ల వాసన కొట్టే గొంగట్లో దూరి ఖగోళం చూడాలా? ప్రపంచయుద్ధం అయిపోయాక అంగట్లో కుప్పపోసి అమ్మిన ఖాకీ మిలిటరీ కోటొకటి పేటలో కొనుక్కున్నాను. సగం గుండీలు లేవు.

దొరల మీద తిరగబడ్డ దళాలు రాత్రుళ్లు గొంగళ్లలోనే తిరిగేవి. వాళ్ల కోసమే ఊరవతల పోలీసు క్యాంపు పడింది. "మామా, గొంగడి జూస్తే నిన్ను దళపోడనుకుంటరు, నా కోటేస్కో" అన్నాను. "నీ కోటు సూస్తే దళపోళ్లు పోలీసోడనుకుంటరు. నా గొంగడి నాకే మంచిగుంది" అన్నాడు. ఖర్మ ఏమిటంటే, ఇద్దరి మాటా నిజమే.

చివరికి ఎవరిది వాళ్లమే వేసుకుని, కోడి కూయకముందే ఊరి పక్క గుట్టకు బయల్దేరాం. గుట్ట ఎక్కకముందే మా మీద టార్చిలైటు పడింది. హవల్దారు కోస్తావాడు. "గొంగడివాడు దళంవాడని తెలుస్తూనే ఉంది. నీకు మా కోటెక్కడిదిరా? ఏ జవానును చంపావ్?" అన్నాడు నన్ను. చుక్క కోసం వచ్చామంటే నమ్మలేదు. అలాంటి మనుషులు ఆయనకు ఎన్నడూ దొరకలేదట.

కోటూ గొంగడీ ఊడబీకి, క్యాంపు ఆవరణలో గుంజకు కట్టేశారు. దెబ్బల సంగతి చెప్పను, వాటిలో నవ్వొచ్చేది ఏమీ లేదు. మామ రొమ్ము కూయడం మొదలైంది. "సారూ, ఉబ్బసం మనిషి, గొంగడన్న ఇయ్యిండ్రి" అని ఏడ్చాను. అప్పటికే దాన్ని కాపలా జవాను కప్పుకున్నాడు. వెచ్చగా ఉందని మెచ్చుకున్నాడు కూడా.

తెల్లవారుతుండగా చుక్క లేచింది, తెల్లగా, పొడుగాటి తోకతో. "అల్లుడా, సూడు... సూడు" అన్నాడు మామ, ఊపిరాడక. జవాను కూడా చూశాడు. గొంగడి జారకుండా పట్టుకుని, నోరు తెరుచుకుని, మేమున్న సంగతే మరచి చూశాడు.

పొద్దెక్కాక మా ఊరి పటేలు వచ్చి చెబితే వదిలారు. గొంగడి మాత్రం ఇవ్వలేదు. మామ ఆ చలికాలం దాటలేదు. మంచం పట్టి కూడా "మనం సూసినంత మంచిగ ఊర్లె ఇంకెవ్వడన్న సూసిండారా?" అని అడిగేవాడు. ఎవ్వడూ చూడలేదనేవాణ్ని. సంబరపడేవాడు.

ఇన్నేళ్లయినా ఆ జవాను మీద నాకు కోపం పోలేదు. ఈ వయసులో కోపం గుండెకు మంచిది కాదంటాడు మా డాక్టరు. "ఈ చలికాలం పోనియ్యి, మానేస్త" అంటాను నవ్వుతూ. ఏటా అదే మాట.