ఇద్దరం ఉన్నామండీ

ఒక్క మాట. నలభై ఏళ్ళుగా దాన్ని మింగలేక కక్కలేక బతుకుతున్నాను. మీకు నా పేరు తెలియదు, ముఖం తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది తోటపల్లి గూడూరు దగ్గర సముద్రపొడ్డు ఊరు. పంతొమ్మిదివందల అరవై దాటిన కొత్తలో నెల్లూరు నుంచి సింహళానికి ఒక యాత్రా బస్సు బయలుదేరింది. ధనుష్కోటి దాకా బస్సూ రైలూ, ఆపైన స్టీమరు, అవతలి ఒడ్డున మరో బస్సు. మా అన్న అప్పటికి పన్నెండేళ్ళ ముందు కొలంబో రేవులో పనికి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. ఆయన్ను చూడాలని మా వదిన, తోడుగా నేను ఆ బస్సెక్కాం. ఆమె తిరిగి వస్తుందా, ఆయన దగ్గరే ఉండిపోతుందా? నేను అడగలేదు. అడగాలంటే భయం. నా భార్య పోయి అప్పటికి మూడేళ్ళు. నా ఇద్దరు పిల్లలూ వదిన చేతి అన్నం తిని పెరుగుతున్నారు.

ఆగిన చోటల్లా గైడు జాబితా చదివేవాడు. అందులో వదిన పేరు లేదు, ఫలానా వారి భార్య అని మాత్రమే ఉంది. నలుగురు మగవాళ్ళలో ఆమె నోరు విప్పదు. ఆమె బదులు నేనే పలకాలి. నెల్లూరులో అలాగే పలికాను.

మొదటి మజిలీ చిల్లకూరు. ఫలహారాలయ్యాక వదిన నా దగ్గరికొచ్చింది.

"అబ్బయ్యా, మీ అన్న దగ్గరికి పోతా ఈ దుమ్ముకాళ్ళతో ఎట్ట సముద్రం దాటేది? కడుక్కోని పసుపు పూసుకోనొస్తా. బస్సు పోనీబాక."

సత్రం వెనక బావికి వెళ్ళింది. డ్రైవరు హారను కొట్టాడు. అందరూ ఎక్కారు. గైడు జాబితా తీశాడు. కిటికీలోంచి వదిన వీపు కనబడుతోంది. ఒక్క కేక వేస్తే పరిగెత్తుకొచ్చేది. మా వంతు వచ్చింది.

"మీరిద్దరూ ఎక్కినారా?"

"ఇద్దరం ఉన్నామండీ."

ఆ మాట అన్నది నేనేనా? నేనే. బస్సు కదిలింది.

తర్వాతి మజిలీలో బయటపడింది. వెనక ఆడవాళ్ళలో కూర్చుందనుకున్నానని బొంకాను. గైడు చీవాట్లు పెట్టాడు. స్టీమరు తప్పిపోతుందని బస్సు వెనక్కి తిప్పలేదు. సొంత జిల్లానే కదా, ఇల్లు చేరుతుందిలే అన్నారు. నేను దిగి వెళ్ళవచ్చు. దిగితే వదిన కళ్ళలోకి చూడాలి. దిగలేదు.

కొలంబోలో అన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎదురొచ్చాడు. చేతిలో మల్లెపూల పొట్లం.

"మీ వదిన యాడరా?"

"రానన్నదన్నా."

ఆయన పొట్లం నా చేతికివ్వబోయి, మళ్ళీ తనే పట్టుకున్నాడు. ఆ తర్వాత ఉత్తరాలు రాలేదు. రెండేళ్ళకు ఆయన పోయిన కబురు వచ్చింది.

అన్నకు అక్కడ ఇంకో సంసారం ఉండి ఉంటుందని, వదినకు ఆ ఏడుపు తప్పించానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. ఆయన పక్కన ఎవరూ లేరు, నా కళ్ళతో చూశాను. పొద్దున్నే లేచి నా పిల్లలకు సద్దెన్నం ఎవరు పెడతారన్నదొక్కటే ఆ రోజు నా దిగులు. అందుకోసం ఇద్దరు మనుషుల్ని విడదీశాను.

వదినకు ఇప్పుడు చూపు ఆనదు. ఆ బస్సు మాట వస్తే తననే తిట్టుకుంటుంది. మొన్న అన్నాల వేళ నా చెయ్యి తడిమి పట్టుకుంది.

"పాడు పసుపు కోసం పోయి నీకు తిట్లు తెచ్చిపెట్టినా గదా. మనసులో పెట్టుకోబాక అబ్బయ్యా."

చెబుదామని నోరు తెరిచాను. మంచినీళ్ళు కావాలన్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. చెప్పాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే. ఆ గైడు ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో. ఆయన అడిగినదానికి ఇప్పుడు జవాబు చెబుతున్నాను. లేదండీ. మా వదిన ఎక్కలేదు. బావి దగ్గరే ఉంది. బస్సు ఆపండి.